ఇంటి వేలు

టోకెన్ నలభై ఒకటి. గోడ మీద వెలుగుతున్న ఎర్ర అంకె ఇరవై ఆరు దగ్గర ఆగి, ఎంతసేపటికీ కదలనంటోంది. రాజమండ్రిలో ఆధార్ కేంద్రం అంటే కలెక్టరాఫీసంత ఉంటుందనుకుని ఉతికిన చీర కట్టుకుని వచ్చింది సుబ్బాయమ్మ. తీరా చూస్తే ఒక పొడుగాటి గది, రెండు బల్లలు, చప్పుడే తప్ప చల్లదనం లేని ఏసీ, గోడవారగా ఇనప కుర్చీలు. ఒక కుర్చీలో ఆవిడ, పక్క కుర్చీలో సాయిదుర్గ, సాయిదుర్గ ఒళ్ళో ఫోను, ఫోనులో తాళం బొమ్మ, ఆ బొమ్మ కింద ఒక బటన్. ఆ బటన్ నొక్కితే సాయిదుర్గ వేలిముద్రలకి తాళం పడుతుంది. ఇక దేశంలో ఏ మెషిన్ మీదా ఆ వేలు పనిచెయ్యదు. దొంగకి పనిచెయ్యదు, తనకీ పనిచెయ్యదు, ప్రతినెలా ఇంటికి రేషన్ బియ్యం తేవడానికీ పనిచెయ్యదు. అదీ చిక్కు. పొద్దున్న పట్టిసీమ రేవులో ఆరింటి బస్సెక్కిన దగ్గర్నుంచీ ఆమె బొటనవేలు ఆ బటన్ చుట్టూ తిరుగుతోంది గానీ దాని మీద వాలడం లేదు.

బొటనవేలు. పద్దెనిమిదేళ్ళుగా వెంట ఉన్నా దాని మొహం ఎప్పుడూ సరిగ్గా చూసిన పాపాన పోలేదు. ఇప్పుడు ట్యూబులైటు కింద కొంచెం ఏటవాలుగా పట్టుకుంటే గీతలు కనిపిస్తున్నాయి. నడిమధ్య చిన్న సుడి, దాన్ని చుట్టి ఇంకోటి, దాన్ని చుట్టి మరోటి, ఒకచోట రెండు గీతలు కలవబోయి ఎందుకో మనసు మార్చుకుని విడిపోయాయి. వరద తీశాక ఇసుకమేట మీద నీళ్ళు ఇలాంటి చారలే వదిలిపోతాయి. నూట నలభై కోట్ల మందిలో ఈ గీతలు ఇంకెవరికీ లేవమ్మా, నీకొక్కదానికే, అని పావని గారు చెప్పినప్పుడు బ్యాంకులో అంతమంది మధ్య సాయిదుర్గకి ఒళ్ళు గగుర్పొడిచింది. పావని గారంటే కొవ్వూరు బ్యాంకులో చదువుల రుణాలు చూసే ఆఫీసరు. ఆవిడ మామూలుగా జాగ్రత్త చెప్పడానికే ఆ మాట అంది. కానీ తన ముక్కు ఎవరి ముక్కో, నవ్వితే పడే సొట్ట ఎవరి సొట్టో చెప్పేవాళ్ళు లోకంలో ఒక్కరూ లేని పిల్లకి ఆ మాట మామూలుగా వినపడలేదు. కన్నతల్లి ప్రభుత్వాసుపత్రిలో పోయింది, తండ్రి పేరు దగ్గర బాలసదనం ఫైల్లో అడ్డగీత ఉంది, పుట్టినరోజు తెలీక సదనం పిల్లలందరితో పాటు తనకీ జనవరి ఒకటి రాసేశారు. అలాంటి తన కోసం, తను పుట్టకముందే, ఎవరో తీరిగ్గా కూర్చుని ఇన్ని గీతలు గీశారు. ఎవరి దగ్గరా ఎరువు తెచ్చుకోకుండా, ఎవరికీ మళ్ళీ ఇవ్వకుండా, తనకని గీశారు. ఆశ్చర్యం కాకపోతే ఏంటది.

అంత గొప్ప గీతల్ని కాగితం మీద ఎవరో గేదెకి కట్టేశారు. నర్సింగులో సీటొచ్చింది, ఫీజుకి చదువు రుణం కావాలి అని వెళితే పావని గారు కంప్యూటర్లోకి చూసి, మళ్ళీ సాయిదుర్గ వంక చూసి, "గేదె రుణం ఎప్పుడు తీసుకున్నావమ్మా? ఒక్క వాయిదా కూడా కట్టలేదేం?" అంది. రెండు రుణాలు. ఒకటి పాడిగేదె కొనడానికి, ఇంకోటి సెల్‌ఫోన్ల కొట్టు పెట్టుకోవడానికి. పేరు తనదే, ఆధార్ తనదే, వేలిముద్ర తనదే. కట్టని అప్పు పేరు మీద ఉంటే ఏ బ్యాంకూ దగ్గరికి రానివ్వదట. పాలకేంద్రం దగ్గర గేదె కనపడితే రోడ్డు అవతలికి వెళ్ళి నడిచే పిల్ల తను. ఆ రాత్రి నిద్రపట్టక, భయం సగం, వింత సగం, ఆ గేదె గురించే ఆలోచించింది. తన పేరుతో ఎక్కడో ఇంకో సాయిదుర్గ ఉన్నట్టూ, దానికి గేదె ఉన్నట్టూ, కొట్టు ఉన్నట్టూ, ఇంటి నిండా సామాను ఉన్నట్టూ. ఏమీ లేని తనకంటే ఆ లేని మనిషికే అన్నీ ఉన్నాయి. పావని గారు మంచి మనిషి, అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టు చెప్పింది. ముందు వేలికి తాళం వెయ్యి, తర్వాత పోలీసులకి ఫిర్యాదు రాసివ్వు, ఆ కాగితం సోమవారం లోపు నా బల్ల మీద పెట్టు, మిగతాది నేను చూసుకుంటాను, శుక్రవారంతో సీటు గడువు అయిపోతుంది, అని. ఇవాళ శనివారం.

ఇరవై తొమ్మిది. అంకె ఒక్కసారిగా మూడు దూకింది, మధ్యవాళ్ళు విసుగొచ్చి టీకి పోయినట్టున్నారు. బల్ల దగ్గర ఎవరో పాలబుగ్గల బిడ్డ గుక్కపట్టి ఏడుస్తోంది. ఆపరేటరు కుర్రాడు, మెడలో వేలాడే కార్డు మీద ఆరోన్ అని ఉంది, ఫొటో కోసం తాళంచెవుల గుత్తి ఆడిస్తూ బిడ్డని నవ్వించాలని చూస్తున్నాడు. ఇంత చిన్నపిల్లలకి వేళ్ళు తీసుకోమండి, అయిదేళ్ళు నిండాలి, అప్పటిదాకా తల్లి వేలే, అంటున్నాడు తండ్రితో. తల్లి వేలే. సాయిదుర్గకి నవ్వొచ్చింది. తమ ఇంట్లో అది తిరగబడింది, పిల్ల వేలి మీద పెద్దాళ్ళు బతికారు.

ఎనిమిదేళ్ళప్పుడు బాలసదనం నుంచి రేవు వీధికి వచ్చింది తను. పిల్లల్లేని సుబ్బాయమ్మా రాముడూ పెంచుకుంటామని పిల్లల సంక్షేమ కమిటీ వాళ్ళ చుట్టూ తిరిగి తిరిగి సంతకాలు పెట్టి, కాదు, సంతకాలు రావు, వేలిముద్రలు పెట్టి, అవీ సరిగ్గా పడక సిరా మరకలు పెట్టి, తెచ్చుకున్నారు. అమ్మా అనమని ఎవరూ చెప్పలేదు. సదనంలో ఆయమ్మ వీళ్ళని పెద్దమ్మ, పెదనాన్న అని పిలవమంది, అదే అలవాటైపోయింది. వచ్చిన రెండో నెలో మూడో నెలో, రేషన్ డిపోకి సుబ్బాయమ్మ చెయ్యి పట్టుకుని వెళ్ళింది. సుబ్బాయమ్మ మెషిన్ మీద వేలు పెట్టింది, ఎర్రలైటు. చీరకొంగుకి తుడుచుకుని పెట్టింది, ఎర్రలైటు. డీలరు కొబ్బరినూనె రాయమన్నాడు, నీళ్ళతో కడగమన్నాడు, గట్టిగా నొక్కమన్నాడు, మెల్లిగా పెట్టమన్నాడు. ఎర్రలైటు. రాముడు పెదనాన్న వేళ్ళు అంతకంటే ఘోరం, తాళ్ళు లాగి లాగి మొద్దుబారిపోయాయి. వెనక వరసలో జనం గొణుగుతున్నారు. అప్పుడు డీలరే, పాపది కార్డులో ఎక్కింది కదమ్మా, దాని వేలు పెట్టించండి చూద్దాం, అన్నాడు. ఎత్తు అందక సుబ్బాయమ్మ చంకలో చేతులేసి పైకెత్తింది. చేపల వాసన, పసుపు వాసన. తను వేలు పెట్టింది. పచ్చలైటు. బియ్యం తీసుకోవచ్చు అని మెషిన్ ఆడగొంతుతో చెప్పింది. వరస వరసంతా హమ్మయ్య అంది. సుబ్బాయమ్మ దారి పొడుగునా కనపడినవాళ్ళందరికీ, "ఇదేనండి మా ఇంటి వేలు" అని చెప్పుకుంటూ వచ్చింది. ఆ రోజు సాయిదుర్గ తిన్న అన్నం తను తెచ్చిన బియ్యంతో వండింది. సదనంలో ఎన్నేళ్ళు తిన్నా రాని ధీమా ఆ ఒక్క ముద్దతో వచ్చింది. ఈ ఇంట్లో నేను ఊరికే లేను అనుకుంది. ఎనిమిదేళ్ళ పిల్లకి అంతకంటే ఏం కావాలి.

ఆ ధీమా పట్టుకునే దొంగ లోపలికొచ్చాడు. దొంగ అంటే బంగార్రాజు. బంగార్రాజుని దొంగ అనడానికి ఇప్పటికీ సాయిదుర్గకి నోరు తిరగడం లేదు. నోట్లో వేలు పెడితే కొరకలేని మనిషని ఊరంతా అంటుంది. పంచాయతీ దగ్గర చిన్న కొట్టు, కొట్లో బ్యాంకు మెషిన్, ముసలాళ్ళకి డబ్బు తీసిపెడతాడు, కాగితాలు నింపిపెడతాడు, ఎండలో వస్తే మజ్జిగ ఇస్తాడు. రేవు వీధి వాళ్ళ తెలివితక్కువతనం కూడా ఒకటుంది. పడవ మీద బతుకు కదా, ఏడాదికో ఫోను గోదాట్లో పడుతుంది, ఫోను పడ్డప్పుడల్లా నంబరు మారుతుంది. అందుకని ఏ కాగితంలోనైనా ఫోను నంబరు అన్న చోట అందరూ బంగార్రాజు నంబరే రాయించేశారు. ఆయనది ఎప్పుడూ మారదు, కబురొస్తే పిలిచి చెబుతాడు. నూట ఇరవై గడపలకి ఒకటే నంబరు. పదిహేనేళ్ళప్పుడు తన ఆధార్‌లో వేళ్ళు మళ్ళీ తీయించినప్పుడు తనకీ అదే రాయించారు. ఎవరి పేరున ఏ ఓటీపీ, ఏ రహస్య అంకె వచ్చినా అది బంగార్రాజు చొక్కా జేబులోనే మోగింది. ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు, ఇక్కడ ఇంటి తాళంచెవులు ఇంటివాళ్ళే ఇచ్చి, కూర్చోబెట్టి మజ్జిగ తాగారు.

"పట్టలేదమ్మా, ఇంకోసారి పెట్టు." బంగార్రాజు కొట్లో ఎన్నిసార్లు విందో ఆ మాట. పట్టలేదంటే తప్పు తన వేలిదే అనుకుంది, పెద్దమ్మ వేళ్ళలాగా తనవీ అరిగిపోతున్నాయేమో అని బెంగపడి సబ్బుతో తోముకుంది కూడా. ఒక్కో పట్టలేదు వెనకా ఒక్కో పని జరిగిందని ఇప్పుడు తెలుస్తోంది. ఒకసారి మెత్తటి ముద్ద ఏదో ఇచ్చి, మెషిన్ చల్లగా ఉందమ్మా, ముందు దీని మీద నొక్కు అన్నాడు, నొక్కింది, వేలి అచ్చు అందులో దిగిపోయింది. జనవరి ఒకటిన పద్దెనిమిది నిండితే బంగార్రాజు కాజాల పెట్టె తెచ్చిచ్చాడు. పెద్దమ్మా పెదనాన్నా కాక తన పుట్టినరోజు గుర్తుపెట్టుకున్న మొదటి మనిషి ఆయనే. ఎంత పొంగిపోయిందో. ఆ సంతోషానికి రెండు కాజాలు ఎక్కువే తింది. మైనారిటీ తీరేదాకా ఆగాడని, సరిగ్గా పదమూడో రోజున గేదె రుణం పుట్టిందని పావని గారి కాగితంలో తేదీ చూసి లెక్కవేసుకున్నప్పుడు, ఆ కాజాల తీపి గొంతులోకి మళ్ళీ వచ్చినట్టయి బ్యాంకు బయట కాలవ గట్టున వాంతి చేసుకుంది.

ముప్పై నాలుగు. కిందటి వారం ఆధార్‌కి తన సొంత ఫోను నంబరు ఎక్కించుకుంది. ఇవాళ తెల్లారి అది నమోదైందని కబురు రాగానే బస్సులోనే యాప్ తెరిచింది. అందులో ఒక పట్టీ ఉంది. తన వేలు ఏ రోజు, ఎన్ని గంటలకి పనిచేసిందో వరసగా ఉంటుంది. వేలు పైకి జరుపుతూ చదువుతోంటే కిటికీలో గోదారి గట్టు వెనక్కి పోయింది, తాళ్ళపూడి పోయింది, ఆమెకి ఏమీ కనపడలేదు. మార్చి నెల, పదకొండు గంటల పది నిమిషాలు. ఆ రోజు ఆ టైముకి తను ఇంటర్ జువాలజీ పరీక్ష రాస్తోంది. కప్ప గుండె బొమ్మ వేస్తోంది కూడా, బాగా గుర్తు. ఈ వేలే పెన్ను పట్టుకుంది. మరి అదే నిమిషంలో ఈ వేలే ఇంకెక్కడో ఇంకేదో మెషిన్ మీద ఉంది. ఇంకో తేదీ, తను జ్వరంతో పడుకున్న రోజు. ఇంకో తేదీ, పెద్దాపురం మరిడమ్మ తీర్థంలో పెదనాన్న భుజం పట్టుకుని జనంలో నిలబడ్డ రోజు. తను నిద్రపోతోంటే వేలు లేచి తలుపు తీసుకుని ఊళ్ళు తిరిగొచ్చినట్టుంది. కొవ్వూరు దాటి బస్సు వంతెన ఎక్కింది. కింద ఎర్రనీళ్ళు, ఎక్కడ మొదలైందో ఎక్కడ ఆగుతుందో తెలీనంత గోదారి, దుంగలు కొట్టుకొస్తున్నాయి. ఎన్నిసార్లు చూసినా వరద గోదారి మొదటిసారి చూసినట్టే ఉంటుంది. ఇంత నీళ్ళు ఎవరిని అడిగి వస్తాయో. పక్కన సుబ్బాయమ్మ కిటికీ కమ్మీలోంచి చెయ్యి బయటపెట్టి గాలి పట్టుకుంటోంది. ఆ చెయ్యి చూడగానే బటన్ నొక్కబోయిన వేలు ఆగిపోయింది.

నొక్కితే బియ్యం ఎలా. పెదనాన్నకి కిందటేడు మోకాళ్ళు పోయాక వల వేసేది తక్కువ, ఒడ్డున కూర్చుని బాగుచేసేది ఎక్కువ. పెద్దమ్మ చేపల గంపతో రోజూ తిరిగినా ఆ వచ్చేది మందులకీ పచారీకీ సరి. బియ్యం తన వేలితో రావాల్సిందే. నర్సింగులో చేరాక కూడా నెలకోసారి వచ్చి వేలు పెట్టి వెళ్ళొచ్చనే ధైర్యంతోనే సీటుకి ఒప్పుకుంది. తాళం వేసుకోవచ్చు, అవసరమైనప్పుడు తీసుకోవచ్చు అని పావని గారు చెప్పింది నిజమే. కానీ తాళం తీసిన పది నిమిషాల్లోనే ముద్ద మీది వేలు కూడా లేచి నడుస్తుంది కదా. పోలీసుల గొడవ తేలేదాకా తియ్యనే తియ్యొద్దని ఆవిడే అంది. నెలలు పట్టొచ్చట. ఈ సంగతి పెద్దమ్మకి చెప్పలేదు. నీ వేళ్ళు మళ్ళీ తీయిద్దాం, ఈసారి పడతాయేమో, అని మాత్రం చెప్పి తీసుకొచ్చింది. ఆ వేళ్ళు పడితే ఈ వేలికి తాళం వెయ్యొచ్చు. పడకపోతే? ఏరు దాటి తెప్ప తగలేసిందని రేవు వీధి అంతా అనదూ. అనరు, వాళ్ళు మంచోళ్ళు, అయినా తనకి తను అనుకోదూ. పద్దెనిమిది నిండాక కమిటీ వాళ్ళు పంపిన కాగితంలో, పెంపకపు ఉత్తర్వు ముగిసినది, అని ఒక్క వాక్యం ఉంది. ఏముందే అందులో అని సుబ్బాయమ్మ అడిగితే, ఏమీ లేదు పెద్దమ్మా, ఆరోగ్యం ఎలా ఉందని రాశారు, అని అబద్ధం చెప్పింది. ముగిసినది అనే మాట ఆవిడ ముందు చదవలేకపోయింది. కాగితం ముగిసింది అన్నా వేలు ఇంకా కలిపి ఉంచుతోంది. దానికి కూడా తాళం వేసేస్తే ఆ ఇంటితో తనకున్న పని ఏంటి. సీటు పోతే పోనీ అనిపించింది ఒక్కక్షణం. మరుక్షణం భయం వేసింది, ఎందుకంటే సీటు పోతే ఇంకో రెండు నెలల్లో ఇంకో గేదె పుడుతుంది, ఇంకో కొట్టు పుడుతుంది, ఆ లేని సాయిదుర్గ పెరిగి పెరిగి ఉన్న సాయిదుర్గని మింగేస్తుంది.

"నలభై ఒకటి!" అని ఆరోన్ కేకేశాడు.

సుబ్బాయమ్మ లేచి కొంగు సర్దుకుని, గుళ్ళోకి వెళ్తున్నట్టు చెప్పులు విడిచి బల్ల దగ్గరికి వెళ్ళింది. కూర్చోండమ్మా, నాలుగు వేళ్ళు కలిపి గాజు మీద పెట్టండి, అన్నాడు ఆరోన్. గాజు కింద పచ్చటి వెలుతురు. సుబ్బాయమ్మ చెయ్యి పెట్టింది. సాయిదుర్గ వెనక నిలబడి తెర చూస్తోంది. పొద్దుట్నుంచీ ఎందరివో చేతులు ఆ తెర మీద పడ్డాయి, నల్లటి గీతలు, సుళ్ళు, ఒక్కొక్కరివి ఒక్కో రకం. సుబ్బాయమ్మ చెయ్యి పడింది. గీతల్లేవు. నాలుగు బూడిదరంగు మచ్చలు, అంతే. అక్కడక్కడ కత్తిపీట కోసిన అడ్డగాట్లు, ఒకచోట ముల్లు దిగి మానిన చుక్క. ఎడమ చెయ్యి, అదే. బొటనవేళ్ళు, అవే. సాయిదుర్గ చూస్తూ ఉండిపోయింది. ఈ వేళ్ళు రాయి మీద బూడిద వేసి చేపల్ని తోమడం పదేళ్ళుగా చూస్తోంది. పొలుసు పోయేదాకా తోముతుంది ఆవిడ, చేపతో పాటు వేళ్ళూ రాయికి రాసుకుంటాయి, పట్టించుకోదు. ఆ గంపతో వచ్చిన డబ్బే తన స్కూలు బూట్లు, తన బయాలజీ గైడు, తన హాలుటికెట్టు. ఈ అమ్మకి కూడా ఎవరో పుట్టకముందే కూర్చుని గీతలు గీసే ఉంటారు, నూట నలభై కోట్లలో ఎవరికీ లేనివి. ఆవిడ వాటిని దాచుకోలేదు. ఎవరూ దొంగిలించనూ లేదు. రాయి మీద తనే తోమేసింది. వంతెన మీద వరద గోదారిని చూసినట్టే సాయిదుర్గ ఆ మచ్చల్ని చూసింది.

"లాభం లేదండి," అన్నాడు ఆరోన్ నెమ్మదిగా. "వేళ్ళలో ఏమీ మిగల్లేదు. కళ్ళు చూద్దాం. కంటి ఆపరేషన్ ఏదైనా అయిందామ్మా?"

"శుక్లాలు తీశారు బాబూ, కిందటేడు. రెండూ."

జంట గొట్టాల పెట్టె ఒకటి ఆవిడ కళ్ళకి ఆనించాడు. రెప్ప వెయ్యకండి. ఇంకా విప్పండి, ఇంకా. తెర మీద సుబ్బాయమ్మ కళ్ళు రెండూ అరచేతులంత వెడల్పున తెరుచుకున్నాయి. నడిమధ్య చీకటి బొట్టు, దాని చుట్టూ సన్నటి దారాలు, వందలు, వేలు, ఒకదాన్నొకటి అల్లుకుని, మెలేసుకుని, పెదనాన్న అల్లే ఏ వలా ఇంత సన్నగా ఉండదు. ఇవి అరగలేదు. ఎండలో, మంచులో, ఇసక గాలిలో యాభై ఎనిమిదేళ్ళు తిరిగినా ఒక్క దారం తెగలేదు. రోజూ తన వంక చూసిన కళ్ళే ఇవి. తను రాకముందు ఏడేళ్ళు కమిటీ వాళ్ళ గేటు వంక చూసిన కళ్ళు. వాటిలోపల ఇంత ఉందని ఇన్నాళ్ళూ తెలీదు. ఏడుపు వచ్చింది గానీ అది దుఃఖం కాదు.

పెట్టె పక్కన పచ్చగీత సగం దాకా వచ్చి ఆగింది, మళ్ళీ కదిలింది. తీసుకుంది అన్నాడు ఆరోన్, అతనికీ సంతోషంగానే ఉంది. "కానీ అమ్మా, ఇది పైనించి ఖాయమవ్వాలండి. నెల పట్టొచ్చు, మూడు నెలలు పట్టొచ్చు. ఆపరేషన్ కళ్ళు కదా, ఒక్కోసారి తిరగ్గొట్టేస్తారు కూడా. అప్పటిదాకా ఇప్పుడెలా నడుస్తోందో అలాగే నడుపుకోండి."

ఇప్పుడెలా నడుస్తోందో అలాగే. సాయిదుర్గ ఫోను సంచిలో పెట్టేసుకుంది. అయిపోయింది, మూడు నెలలు. పావని గారికి ఏదో ఒకటి చెప్పాలి. పద పెద్దమ్మా, అనబోయింది. సుబ్బాయమ్మ కుర్చీలోంచి లేవలేదు.

"మా పిల్ల వేలికి తాళం వేసి పెట్టండి బాబూ," అంది.

ఆరోన్ సాయిదుర్గ వంక చూశాడు. సాయిదుర్గ సుబ్బాయమ్మ వంక చూసింది. "ఎవరు చెప్పారు నీకు?" అంది.

"పది రోజుల నుంచి అన్నం కలుపుకుంటా వేళ్ళు చూసుకుంటున్నావు. నాకు చదువు రాకపోతే కళ్ళు లేవంటే? పావని గారి దగ్గరికి నేనే ఎల్లి అడిగాను, అన్నీ చెప్పింది. ఆ బంగార్రాజుని కూడా అడిగేశాను. పొరపాటున పడిందమ్మా అంటాడు. గేదె పొరపాటున పడుద్దా? వీధిలో గడప గడపకీ చెప్పొచ్చాను, నంబర్లు మార్పించుకోండి అని. నువ్వు చెప్తావేమో, చెప్తావేమో అని చూత్తన్నాను. బస్సులో చెప్తావనుకున్నాను."

"బియ్యం ఎలా పెద్దమ్మా?"

"బియ్యం కోసం తెచ్చుకున్నానంటే నిన్ను?"

పదేళ్ళుగా తను వేలెత్తి చూపించుకుంటూ వచ్చిన కారణాన్ని ఆవిడ ఒక్క మాటతో తీసి అవతల పెట్టేసింది. అది పోతే కింద ఏమీ ఉండదని, పడిపోతానని ఇన్నాళ్ళూ భయపడింది. పడలేదు. కాళ్ళ కింద నేల ఉంది, ఎప్పట్నుంచో ఉంది, తనే అడుగు మోపలేదు. ఫోను తీసి, తాళం బొమ్మ కింద బటన్ మీద బొటనవేలు పెట్టింది. రహస్య అంకె వచ్చింది, బంగార్రాజు జేబులోకి కాదు, తన చేతిలోకి. కొట్టింది. తాళం బొమ్మ మూసుకుంది. అంతే, ఏ చప్పుడూ లేదు.

సుబ్బాయమ్మకి అది సరిపోలేదు. "పడిందో లేదో ఎలా తెలుత్తుంది? తాళం వేశాక తలుపు లాగి చూడొద్దా?" అంది. ఆరోన్ నవ్వి పక్క బల్ల మీది బ్యాంకు మెషిన్ ఇటు లాగాడు. సాయిదుర్గ వేలు పెట్టింది. చిన్నప్పుడు ఎత్తి పట్టుకుంటే పెట్టిన వేలే. ఒక్క క్షణం ఏమీ జరగలేదు. ఎర్రలైటు. తుడుచుకుని మళ్ళీ పెట్టింది. ఎర్రలైటు. వెనక వరసలో ఎవరో అయ్యో పాపం అన్నారు.

సుబ్బాయమ్మ నవ్వింది. గది అంతా తిరిగి చూసేట్టు, అరిగిన చేత్తో పిల్ల చేతిని పట్టుకుని, కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. నవ్వు ఆపుకుని ఆరోన్ వంక తిరిగి, గొప్పలు పోతూ చెప్పింది.

"మా ఇంట్లో అంతేనండి బాబూ, ఎవరి వేలూ పడదు."